కొల్లేటి లంకల పుట్టుపూర్వోత్తరాలు

కైకలూరు వైపు నుంచి కొల్లేటికోటకు బయల్దేరితే, నీటి మధ్య మెరకల మీద నిలిచిన ఊళ్లు కనిపిస్తాయి. ఇవే లంక గ్రామాలు. కొల్లేరు సరస్సు లోపల ఇలాంటివి 46, చుట్టూ అంచున మరో 76 ఊళ్లు ఉన్నాయని లెక్క.

వీటి పుట్టుకకు మూలం రెండు నదులు. ఒక పక్క కృష్ణ, మరో పక్క గోదావరి వేల ఏళ్లుగా ఒండ్రు పోసుకుంటూ సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. మధ్యలో మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లు తెచ్చి పోస్తాయి. అవి సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అందుకే వానాకాలంలో సరస్సు పొంగుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. ఆ పొంగుకు మునగని మెరకల మీదే జనం ఇళ్లు కట్టుకున్నారు.

ఆ నీరే వీళ్లకు కోటగోడ కూడా. క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనంలో చాళుక్య రాజు పులకేశి యుద్ధంతో ఎర్రబడ్డాయని వర్ణించిన కునాల జలాలు కొల్లేటివేనని చరిత్రకారులు చెబుతారు. కొల్లేటికోట గజపతుల దుర్గమని ఐతిహ్యం. నీళ్లు అడ్డొచ్చిన శత్రువు సరస్సును సముద్రంలోకి వదిలేద్దామని ఉప్పుటేరు తవ్వించాడట. కోటను కాపాడుకోవడానికి సేనాని కన్నకూతురినే బలిచ్చాడట. నేటికీ ఫాల్గుణంలో కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ అమ్మవారి జాతరకు జనం పోటెత్తుతారు.

లంకల్లో ఎక్కువమంది వడ్డీ కులస్థులు, చేపల వేటే వాళ్ల కులవృత్తి. తాటి దోనెల మీద వెళ్లి, వెదురు మావులు పెట్టి కొర్రమేను, జెల్ల, బొమ్మిడాయిలు పట్టేవారు. నీరు తీసిన నేలలో వరి వేసేవారు. నీటి అంచు ఎటు జరిగితే బతుకూ అటే జరిగేది.

1976లో ప్రభుత్వం మత్స్యకార సహకార సంఘాలకు చేపల చెరువులు ఇవ్వడంతో ఆ అంచుకు గట్లు పడ్డాయి. చెరువులు క్రమంగా బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లాయి. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత (కాంటూరు) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పటినుంచి హద్దును 3 అడుగులకు కుదించాలని లంకవాసులు, కూడదని పర్యావరణవేత్తలు వాదిస్తున్నారు.

ఏటా జరిగే నీటితో సర్దుకుపోవడం లంకలకు తెలుసు. కదలని గీతతో ఎలా బతకాలన్నదే ఇంకా తేలని లెక్క.