పెట్రోలు లారీ ఇంజను

పెట్రోలు లారీ ఇంజను అనగా 20వ శతాబ్దపు తొలి, మధ్య దశకాలలో లారీలను, బస్సులను, సైనిక వాహనాలను నడిపిన పెద్ద పరిమాణపు పెట్రోలు ఇంజను. వీటి ఘనపరిమాణం సాధారణంగా 3.5 లీటర్ల నుంచి 10 లీటర్ల వరకు ఉండేది. వీటిలో ఎక్కువ భాగం ఆరు సిలిండర్లను ఒకే వరుసలో అమర్చినవి, కొన్ని ఎనిమిది సిలిండర్లతో 'వి' ఆకారంలో ఉండేవి. నేడు లారీ అంటే డీజిలు బండి అనే అభిప్రాయం స్థిరపడింది. కాని భారతదేశంలో 1950ల మధ్య వరకు లారీలు, బస్సులలో అధిక భాగం పెట్రోలుతోనే నడిచాయి. భారత సైన్యంలో ఇటువంటి ఇంజన్లు 20వ శతాబ్దం చివరి వరకు కొనసాగాయి.

ఘనపరిమాణం

పిస్టను కింది స్థానం నుంచి పై స్థానానికి కదిలినప్పుడు సిలిండరులో ఎంత చోటును ఊడుస్తుందో, దానిని సిలిండర్ల సంఖ్యతో హెచ్చిస్తే ఇంజను ఘనపరిమాణం వస్తుంది. ఉదాహరణకు భారత సైన్యం వాడిన నిస్సాన్ 'పి' ఇంజనులో సిలిండరు వ్యాసం 85.7 మి.మీ., పిస్టను నడక 114.3 మి.మీ. ఒక్కో సిలిండరు సుమారు 659 ఘన సెంటీమీటర్లు కాగా, ఆరు సిలిండర్లకు 3,956 సి.సి. అవుతుంది. ఇందులో పిస్టను నడక వ్యాసం కంటే బాగా ఎక్కువ. ఆ కాలపు లారీ ఇంజన్లలో చాలావాటికి ఇదే పోలిక. ఇటువంటి ఇంజను వేగంగా తిరగలేదు కాని తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది.

లక్షణాలు

* తక్కువ సంపీడన నిష్పత్తి: ఆ నాటి పెట్రోలు నాణ్యత తక్కువ. మిశ్రమాన్ని ఎక్కువగా నొక్కితే సమయానికి ముందే మండి ఇంజను కొట్టుకునేది. అందువలన సంపీడన నిష్పత్తిని 5 నుంచి 7 మధ్యనే ఉంచేవారు. డీజిలు ఇంజనులో ఇది 16 లేక అంతకంటే ఎక్కువ.
* నెమ్మది వేగం: గరిష్ఠ శక్తి నిమిషానికి సుమారు 3,000 చుట్ల వద్ద లభించేది. ఒకే పరిమాణంలో ఉన్న నేటి కారు ఇంజనుతో పోల్చితే అశ్వశక్తి చాలా తక్కువ.
* లాగుడు బలం: ఘాట్ రోడ్డులోను, బురదలోను, బండి కదిలే క్షణంలోను కావలసినది ఈ గుణమే. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల కొండలు దాటే దారి వంటి చోట్ల బరువుతో ఎక్కే బండికి అశ్వశక్తి కంటే తక్కువ వేగంలోని టార్కు ముఖ్యం.
* సులభ నిర్మాణం: కార్బురేటరు, కాయిల్, డిస్ట్రిబ్యూటరు, స్పార్కు ప్లగ్గులు తప్ప సున్నితమైన భాగాలు లేవు. సాధారణ పనిముట్లతో దారి పక్కనే మరమ్మతు చేయవచ్చు.

చరిత్ర

డీజిలు ఇంజను 1890లలోనే రూపొందినా, దానికి అవసరమైన అధిక పీడన ఇంధన పంపులు చవకగా, నమ్మకంగా తయారుకావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ లోపు లారీ రంగాన్ని పెట్రోలు ఇంజను ఆక్రమించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో వీటి ఉత్పత్తి పతాక స్థాయికి చేరింది. అమెరికా తయారుచేసిన రెండున్నర టన్నుల జీఎంసీ లారీలే ఐదు లక్షలు దాటాయి. కార్లు, జీపులు, లారీలు అన్నిటికీ ఒకే ఇంధనం చాలడం, చలిలో సులభంగా స్టార్టు కావడం సైన్యాలు పెట్రోలును ఎంచుకోవడానికి ముఖ్య కారణాలు.

ప్రసిద్ధి చెందిన కొన్ని ఇంజన్లు:

* బెడ్‌ఫోర్డ్ క్యూఎల్ (బ్రిటన్): 3.5 లీటర్లు, 6 సిలిండర్లు, 72 అశ్వశక్తి.
* ఫోర్డ్ వి-8 (కెనడా సైనిక లారీలు): 3.9 లీటర్లు, 95 అశ్వశక్తి.
* జీఎంసీ 270 (అమెరికా): 4.4 లీటర్లు, 6 సిలిండర్లు, సుమారు 100 అశ్వశక్తి.
* స్టూడ్‌బేకర్ లారీలోని హెర్క్యులిస్ (అమెరికా): 5.2 లీటర్లు, 6 సిలిండర్లు. ఈ లారీలు అధిక సంఖ్యలో సోవియట్ యూనియన్‌కు పంపబడ్డాయి.
* జిస్-5 (సోవియట్ యూనియన్): 5.55 లీటర్లు, 6 సిలిండర్లు, 73 అశ్వశక్తి.
* జిల్-131 (సోవియట్ యూనియన్): 6 లీటర్లు, వి-8, 150 అశ్వశక్తి.
* ఉరల్-375డి (సోవియట్ యూనియన్): 7 లీటర్లు, వి-8, 180 అశ్వశక్తి.
* ఐదు టన్నుల సైనిక లారీలోని కాంటినెంటల్ (అమెరికా): 9.9 లీటర్లు, 6 సిలిండర్లు, 224 అశ్వశక్తి.

ట్యాంకులలో ఇంతకంటే పెద్ద పెట్రోలు ఇంజన్లు వాడబడ్డాయి. 1965, 1971 యుద్ధాలలో భారత సైన్యం నడిపిన సెంచూరియన్ ట్యాంకులో రోల్స్ రాయిస్ మీటియర్ అనే 27 లీటర్ల, 12 సిలిండర్ల ఇంజను ఉండేది.

తెలుగు ప్రాంతాలలో

స్వాతంత్ర్యానికి పూర్వం తెలుగు ప్రాంతం రెండు పాలనల కింద ఉన్నందున మోటారు రవాణా కూడా రెండు విధాలుగా ఎదిగింది. హైదరాబాదు సంస్థానంలో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. ఆ తొలి బస్సులు స్కాట్లండుకు చెందిన ఆల్బియన్ సంస్థవి. 'దక్కన్ క్వీన్' పేరుతో ప్రసిద్ధమైన ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులో భద్రపరచబడింది. 1942లో స్థాపించిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ తరువాతి కాలంలో బస్సు బాడీల తయారీకి పేరు పొందింది.

నంద్యాల, బండి ఆత్మకూరు, ఆళ్ళగడ్డ ప్రాంతాలు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇక్కడ సంస్థానపు శాఖ వంటిది లేదు, బస్సులు, లారీలు ప్రైవేటు యజమానుల చేతిలో ఉండేవి. ఫోర్డ్ సంస్థకు మద్రాసులోను, జనరల్ మోటార్స్‌కు 1928 నుంచి బొంబాయిలోను వాహనాలను బిగించే కర్మాగారాలు ఉండటంతో దక్షిణాదిన ఫోర్డ్, షెవర్లే బండ్లు వ్యాపించాయి. యుద్ధం ముగిసిన తరువాత సైన్యం వదిలించుకున్న మిగులు లారీలు కూడా వేలంలో ప్రైవేటు యజమానులకు చేరాయి.

బొగ్గు గ్యాసు బండ్లు

1942లో బర్మా జపాను వశం కావడంతో అక్కడి చమురు భారతదేశానికి అందకుండా పోయింది. పెట్రోలుకు రేషను ఉన్న ఆ రోజులలో బస్సులు, లారీలు ప్రొడ్యూసర్ గ్యాసుతో నడిచాయి. ప్రజలు వీటిని బొగ్గు బస్సులు అనేవారు.

బండి వెనుక అమర్చిన ఇనుప పీపాలో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండించేవారు. ముందుగా ఏర్పడిన కార్బన్ డయాక్సైడు ఎర్రగా కాలుతున్న బొగ్గు పొర గుండా సాగి కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ఈ వాయువును చల్లబరచి, మసి వడగట్టి, గాలితో కలిపి ఇంజనుకు పంపేవారు. వాయువులో దాదాపు సగం మండని నత్రజని కావడం వలన ఇంజను శక్తి మూడో వంతు నుంచి సగం వరకు తగ్గేది. పరిమాణం పెద్దదై, నెమ్మదిగా తిరిగే ఇంజను కనుకనే ఈ నష్టాన్ని తట్టుకుని బండిని లాగగలిగేది.

ఉదయం బండి కదలాలంటే ముందు నిప్పు రాజేసి, చేతితో తిప్పే పంకాతో గాలి కొట్టి, వాయువు తయారయ్యే వరకు వేచి ఉండాలి. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు, అది ప్రాణాంతకం. మూసిన షెడ్డులో పొయ్యి రాజేయడం అపాయకరం. యుద్ధం తరువాత పెట్రోలు సులభంగా దొరకడంతో ఈ పద్ధతి అంతరించింది.

భారత సైన్యంలో

స్వాతంత్ర్యం తరువాత సైన్యానికి దేశీయంగా వాహనాలు తయారుచేయాలనే విధానంతో జబల్‌పూర్‌లో విదేశీ లైసెన్సు కింద ఉత్పత్తి చేపట్టారు. వీటిలో జర్మనీకి చెందిన మాన్ నమూనా ఆధారంగా వచ్చిన శక్తిమాన్ డీజిలు జాతికి చెందినది. జపాను నమూనాలైన ఒక టన్ను నిస్సాన్ క్యారియర్, జోంగా రెండూ పైన పేర్కొన్న 3,956 సి.సి. పెట్రోలు ఇంజనుతో నడిచాయి. జోంగా అనే పేరు జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ అనే మాటల మొదటి అక్షరాలతో ఏర్పడింది. నిస్సాన్ పెట్రోల్ అనే జీపు తరహా వాహనం దీనికి మూలం. ఇక్కడ 'పెట్రోల్' అనగా గస్తీ అని అర్థం, ఇంధనం కాదు. 1969లో నెలకొల్పిన వెహికల్ ఫ్యాక్టరీలో జోంగా ఉత్పత్తి 1999 వరకు సాగింది. తరువాత వీటి స్థానాన్ని డీజిలు వాహనాలు ఆక్రమించాయి.

క్షీణత

పెట్రోలు లారీల క్షీణతకు ముఖ్య కారణం ఇంధన ఖర్చు. యుద్ధకాలపు జీఎంసీ లారీ లీటరుకు సుమారు 3 కిలోమీటర్లు నడిచేది. ఉరల్-375డి 100 కిలోమీటర్లకు దాదాపు 50 లీటర్లు తాగేది. ఎక్కువ సంపీడనం వలన డీజిలు ఇంజను ఇంధనంలోని శక్తిని మరింత మెరుగుగా వాడుకుంటుంది. పెట్రోలు ఆవిరి సులభంగా అంటుకోవడం యుద్ధరంగంలో మరొక అపాయం.

భారతదేశంలో 1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని డీజిలు లారీల తయారీ ప్రారంభించింది. 1955లో అశోక్ మోటార్స్ సంస్థ అశోక్ లేలాండ్‌గా మారింది. దేశీయ తయారీకి ప్రాధాన్యమిచ్చిన ప్రభుత్వ విధానం వలన జనరల్ మోటార్స్ 1954లో తన బిగింపు పనిని ముగించింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. అప్పటికే బస్సు రవాణా డీజిలు వైపు సాగుతోంది. మిగిలిన పాత లారీలలో అనేకం పెట్రోలు ఇంజను తీసివేసి డీజిలు ఇంజను బిగించుకుని మరికొన్నేళ్ళు నడిచాయి.

నిర్వహణ

* హ్యాండిల్ తిప్పుట: బొటనవేలును మిగతా వేళ్ళ వైపే ఉంచి హ్యాండిల్ పట్టుకోవాలి. ఇంజను వెనక్కు తన్నితే వేలు విరిగే ప్రమాదం ఉంది.
* వేసవి ఇబ్బంది: 40 డిగ్రీలు దాటే రాయలసీమ ఎండలలో గొట్టంలోని పెట్రోలు ఆవిరై ఇంజను ఆగిపోవచ్చు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరచడం డ్రైవర్లు పాటించే ఉపాయం.
* సీసం లేని పెట్రోలు: భారతదేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. సీసం వాల్వు సీట్ల అరుగుదలను తగ్గించేది. అది లేనందున పాత ఇంజన్లకు గట్టి లోహపు సీట్లు అమర్చవలసి రావచ్చు.
* ఇథనాలు: 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2023 నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. ఇది పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరు వాషర్లను పాడుచేయగలదు. తేమను పీల్చుకోవడం వలన, చాలాకాలం నిలిపి ఉంచిన బండి ట్యాంకు తుప్పు పట్టవచ్చు.

పరిరక్షణ

కేంద్ర ప్రభుత్వం 2021లో పురాతన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను విధానం ప్రవేశపెట్టింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర వాహనాలకు, సొంత వాడుకలోని నాలుగు చక్రాల వాహనాలకు ఇది వర్తిస్తుంది. వీటి నంబరులో 'వీఏ' అనే అక్షరాలు ఉంటాయి, వీటిని వ్యాపారానికి నడపరాదు. ఛాసిస్, బాడీ లేక ఇంజను గణనీయంగా మార్చబడితే ఈ గుర్తింపు లభించదు. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకప్పుడు చేసిన డీజిలు మార్పిడి నేడు బండి చారిత్రక విలువకు అడ్డంకి అవుతున్నది. పైగా సరుకు లారీ సొంత వాడుక వాహనం కానందున ఈ ఏర్పాటు దానికి పెద్దగా ఉపకరించదు. కార్లతో పోల్చితే పాత లారీలను భద్రపరిచేవారు తక్కువ. పని ముగిసిన లారీ ఇనుము తూకానికి పోవడం పరిపాటి. అందువలన ఒక తరాన్ని మోసిన ఈ ఇంజన్లు అసలు రూపంలో కనిపించడం అరుదు. విడిభాగాలతో పాటు, వాటిని చెవితో విని సరిచేయగల పనివారి నైపుణ్యం కూడా కనుమరుగవుతున్నది.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* డీజిలు ఇంజను
* కార్బురేటరు
* ప్రొడ్యూసర్ గ్యాసు
* ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ