క్రిమి వికర్షక దుస్తులు

దోమలు, పిడుదులు, పేలు, చిగ్గర్ పురుగులు కుట్టకుండా ఒంటికి బదులు బట్టకే మందు పట్టించి తొడుక్కునే దుస్తులను క్రిమి వికర్షక దుస్తులు అంటారు. అడవుల్లో, కొండల్లో నడిచే ట్రెకర్లు చొక్కా, ప్యాంటు, సాక్సులు, బూట్లు, టోపీ మొదలుకొని వీపు సంచి, గుడారం దాకా ఈ మందు పట్టిస్తారు. ప్రస్తుతం ఇందుకు ప్రధానంగా వాడే రసాయనం పెర్మెత్రిన్. ఈ పద్ధతి సైన్యాల అవసరం కోసం పుట్టి, ఇరవయ్యో శతాబ్దం చివరికి నడక యాత్రికుల చేతికి వచ్చింది. చర్మానికి రాసుకున్న మందు చెమటకు కారిపోయి కొన్ని గంటల్లో పనిచేయడం మానేస్తుంది. బట్టలో ఇంకిన మందు వారాల తరబడి ఉంటుంది. కానీ బట్టన్నాక ఉతకాలి. ఈ రంగంలో 1940ల నుంచి జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఉతుకులకు తట్టుకునే మందును వెతకడమే.

తొలి దశ

పొగ, వేపాకు, ఘాటైన నూనెలతో పురుగులను దూరం పెట్టడం చాలా సమాజాల్లో అనాదిగా ఉంది. చామంతి జాతికి చెందిన పైరెత్రమ్ పూలను ఎండబెట్టి దంచిన పొడి పంతొమ్మిదో శతాబ్దంలో పర్షియా, డాల్మేషియా ప్రాంతాల నుంచి ఐరోపా బజార్లకు చేరింది. దానిని పరుపుల మీద, బట్టల మడతల్లో చల్లేవారు. తరువాత దాని సాగులో జపాన్, ఆపైన కెన్యా ముందుకొచ్చాయి. పురుగును చప్పున పడగొట్టే గుణం ఈ పొడికి ఉన్నా, ఎండ తగిలితే అందులోని మందు త్వరగా విరిగిపోతుంది. అందువల్ల అది బట్టలో ఎక్కువ కాలం నిలవలేదు.

కీటకాలే రోగాలను మోస్తాయని తేలాక బట్టల సంగతి వైద్యుల దృష్టికి వచ్చింది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1909లో ట్యునీషియాలో షార్ల్ నికోల్ టైఫస్‌ను వ్యాపింపజేసేది ఒంటి పేను అని నిరూపించాడు. ఈ పేను మనిషి ఒంటి మీద కాక బట్టల కుట్లలో కాపురం చేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో సైనికులు చొక్కా కుట్లను కొవ్వొత్తి మంట మీద ఆడించి పేలను చంపుకునేవారు. 

రెండో ప్రపంచ యుద్ధం

1942లో అమెరికా వ్యవసాయ శాఖ ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఒక కీటక పరిశోధనశాల నెలకొల్పింది. విదేశాల్లో పోరాడే సైనికులను పేలు, దోమలు, పిడుదుల నుంచి కాపాడే మందులు కనిపెట్టడం దాని పని. వేల రసాయనాలను అక్కడ ఒక్కొక్కటిగా చర్మం మీద, బట్ట మీద పరీక్షించారు. తొలి ఫలితాల్లో ఒకటి ఆరు పాళ్ల డైమిథైల్ థాలేట్, రెండు పాళ్ల ఇండలోన్, రెండు పాళ్ల రట్జర్స్ 612 కలిపిన మిశ్రమం. దీనిని 6-2-2 అనేవారు. దోమల మీద బాగానే పనిచేసింది గాని, అది ప్రధానంగా ఒంటికి రాసుకునే మందు.

బట్టకు మందు పట్టించాల్సిన అవసరం పసిఫిక్ రంగంలో ముంచుకొచ్చింది. న్యూగినియా, బర్మా అడవుల్లో సైనికులను స్క్రబ్ టైఫస్ పట్టుకుంది. దీనిని మోసేది చిగ్గర్. ఇది కంటికి ఆనీ ఆనని ఎర్రటి పిల్ల పురుగు. దీనికి రెక్కలు లేవు. గడ్డి పోచ మీద కాచుకుని ఉండి, బూటు మీదికి, అక్కడి నుంచి కాలి మీదికి పాకి, సాక్సు అంచు దగ్గరో నడుము పట్టీ దగ్గరో, అంటే బట్ట బిగుతుగా ఉండి దారి మూసుకుపోయిన చోట, ఆగి కుడుతుంది. ఈ జ్వరాన్ని నయం చేసే మందు అప్పటికి లేదు. క్లోరాంఫెనికాల్ పనిచేస్తుందని మలయాలో తేలింది 1948లో. అందాకా సైనికుడిని కాపాడగలిగింది అతని బట్టలే.

ఈ విషయంలో అందరికంటే ముందు దారి చూపింది ఆస్ట్రేలియా సైన్యం. కీటక శాస్త్రజ్ఞుడు ఆర్. ఎన్. మెక్‌కలక్ దోమల కోసం అప్పటికే సరఫరాలో ఉన్న డైమిథైల్ థాలేట్‌ను బట్టకు పూసి చూశాడు. పూసిన బట్ట మీద పాకిన చిగ్గర్లు చచ్చిపోయాయి. అయితే ఆ మందు ఉతికితే పోతోంది. వర్షారణ్యంలో రోజుకు నాలుగు సార్లు తడిసే సైనికుడికి అది ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకని దాని దగ్గరి చుట్టమైన డైబ్యూటైల్ థాలేట్ వైపు మళ్లారు. దోమల మీద దీని ప్రభావం తక్కువ. చిగ్గర్ల మీద మాత్రం పుష్కలంగా ఉంది, పైగా నీటికి అంత తేలిగ్గా లొంగదు. పూసే పద్ధతి ఎంతో సాదాసీదా: మందు చుక్కలు కొన్ని అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, చొక్కాకు, ప్యాంటుకు అంతటా పులమడం. కాలరు, ముంజేతి మడతలు, ప్యాంటు అంచులు, సాక్సుల పైభాగం వంటి తెరిపి ఉన్న చోట్ల మరింత శ్రద్ధగా పూసేవారు. కష్టకాలంలో, చేతిలో ఉన్న సరుకుతోనే సాధించిన మెచ్చదగిన పరిష్కారం ఇది.

అమెరికన్లు మొదట బట్ట అంచుల వెంబడి సన్నటి పట్టీలా మాత్రమే మందు రాసే పద్ధతిని పాటించారు. 1944లో న్యూగినియా ఉత్తర తీరంలోని ఓవీ, బియాక్ దీవుల్లో వేయి మందికి పైగా స్క్రబ్ టైఫస్ బారిన పడ్డారు. అనుభవం పెరిగేకొద్దీ యూనిఫారం మొత్తాన్ని సబ్బు నీళ్లలో కలిపిన మందులో ముంచి తీసే విధానం బలపడింది.

ఐరోపా రంగంలో శత్రువు పేను. 1943–44 చలికాలంలో నేపుల్స్ నగరంలో టైఫస్ చెలరేగినప్పుడు చొక్కా విప్పే పని లేకుండా కాలరులోకి, చేతుల్లోకి పంపుతో పొడి ఊదారు. మొదట పైరెత్రమ్ కలిసిన పొడి వాడి, పిదప డి.డి.టి.కి మారారు. పది లక్షలకు పైగా జనానికి ఇలా పొడి కొట్టారు. నడి చలికాలంలో ఒక టైఫస్ మహమ్మారిని ఆపగలగడం ప్రజారోగ్య చరిత్రలో పెద్ద ఘట్టం. డి.డి.టి. కీటకనాశక గుణాన్ని 1939లో గుర్తించిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి దక్కింది.

యుద్ధానంతర కాలం

డీట్ అనే వికర్షకానికి 1946లో అమెరికా సైన్యం పేటెంటు పొందింది. 1957 నుంచి అది సాధారణ ప్రజలకూ అమ్మకానికి వచ్చింది. చర్మానికి రాసుకునే మందుల్లో దానిదే అగ్రస్థానం. బట్టకు వచ్చేసరికి కథ వేరు. నూలు, ఉన్ని, నైలాన్ బట్టలకు హాని చేయదు గాని, రేయాన్‌ను, స్పాండెక్స్‌ను, వాచీ అద్దాలను, కళ్లజోడు ఫ్రేములను, ఇతర ప్లాస్టిక్ సామాన్లను పాడు చేస్తుంది. ట్రెకింగ్ సరంజామాలో సగం ప్లాస్టిక్కే కాబట్టి దానితో ఈ చిక్కు నేటికీ ఉంది.

బట్టల కోసం అమెరికా సైన్యం ఎం-1960 అనే మిశ్రమాన్ని వాడింది. అందులో మూడు రసాయనాలు ముప్పై శాతం చొప్పున, మిగతా పది శాతం వాటిని నీటిలో కలిపే ద్రవం. పిడుదులు, చిగ్గర్లు, ఈగల మీద పనిచేసేది. ఘాటు వాసన వల్ల, చర్మం మంట వల్ల సైనికులు దానిని తొడుక్కోవడానికి ఇష్టపడలేదు.

పెర్మెత్రిన్

పైరెత్రమ్ పూలలోని క్రియాశీల పదార్థాల రసాయన నిర్మాణాన్ని రసాయన శాస్త్రజ్ఞులు స్టౌడింగర్, రుజిచ్కా 1924లో ప్రచురించారు. దాని ఆధారంగా తయారైన మొదటి కృత్రిమ మందు అల్లెత్రిన్ 1949లో వచ్చింది. దోమల చుట్టలు, మ్యాట్ల రూపంలో మన ఇళ్లకు పరిచయమైనది ఈ కుటుంబమే. కానీ వీటికీ ఎండ పడదు. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధనా కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం ఏళ్ల తరబడి అణువులో ఒక్కో భాగాన్నీ మారుస్తూ వచ్చి, 1973లో ఎండకు నిలిచే పెర్మెత్రిన్‌ను ప్రకటించింది. పూల మందులోని చురుకును పోనీయకుండా దానికి మన్నికను జోడించిన ఈ పని అపురూపమైనది.

పెర్మెత్రిన్ పురుగు నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మందు బట్ట మీద పాకిన పిడుదు కాళ్లు కాలినట్టు అటూ ఇటూ తడబడి, కాసేపటికి పట్టు తప్పి కింద పడుతుంది. తగిలితేనే దీని ప్రభావం. గాలిలోకి లేచి దోమను దూరంగా తరిమే గుణం తక్కువ. అందుకే ముఖానికి, చేతులకు డీట్ గాని పికారిడిన్ అనే మరో వికర్షకం గాని విడిగా రాసుకోవాలి. పికారిడిన్ ప్లాస్టిక్‌ను పాడు చేయదు.

ఓర్లాండో ప్రయోగశాల 1960లలో గెయిన్స్‌విల్‌కు మారింది. అక్కడ కార్ల్ ష్రెక్ తదితరులు 1970ల చివరి నుంచి పెర్మెత్రిన్ పట్టించిన యూనిఫారాలను పిడుదుల మీద, దోమల మీద పరీక్షించారు. దోమలు మబ్బుల్లా కమ్ముకునే అలాస్కాలో బట్టకు పెర్మెత్రిన్, ఒంటికి డీట్ కలిపి వాడినప్పుడు దాదాపు సంపూర్ణ రక్షణ దొరికింది. 1990లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ సైనిక దుస్తులకు దీనిని అనుమతించింది. చదరపు సెంటీమీటరుకు 0.125 మిల్లీగ్రాములు ప్రామాణిక మోతాదుగా స్థిరపడింది.

సైనికులకు ఇచ్చిన కిట్‌లో చిన్న మందు సీసాలు, ప్లాస్టిక్ సంచులు, దారం ఉండేవి. చొక్కాను చుట్టగా చుట్టి దారంతో నడుము కట్టి, నీళ్లు, మందు పోసిన సంచిలో పెట్టి మూతి బిగించి కుదపాలి. సుమారు మూడు గంటలకు ద్రవమంతా బట్ట పీల్చుకుంటుంది. తీసి దండెం మీద ఆరేస్తే సరి. యాభై ఉతుకుల దాకా అది పనిచేస్తుంది. సైనికుడి తీరికతో పని లేకుండా ఫ్యాక్టరీలోనే మందు పట్టించిన యూనిఫారాలను 2012 ప్రాంతం నుంచి అమెరికా సైన్యం విస్తృతంగా పంచింది. జర్మన్ సైన్యం పాలిమర్ పూతతో మందును నూలుకు అతికించే పద్ధతిని అనుసరించింది.

నడక యాత్రికుల వాడకం

అమెరికాలో ట్రెకర్లను ఈ వైపు నడిపింది లైమ్ జబ్బు. 1970ల మధ్యలో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ పరిసరాల్లో గుర్తించిన ఈ జబ్బుకు కారణమైన బాక్టీరియాను విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం 1982లో పిడుదుల్లో కనిపెట్టింది. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల గుండా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ కాలిబాటలో చాలా భాగం ఈ పిడుదుల సీమే. గసగసాల గింజంత ఉండే పిల్ల పిడుదు కుట్టినా చాలామందికి తెలియదు.

ఇంట్లో వాడే 0.5 శాతం పెర్మెత్రిన్ స్ప్రేను ఆరుబయట బట్ట తడిసేలా రెండు వైపులా కొట్టి, పూర్తిగా ఆరాకే తొడుక్కోవాలి. ఇది ఆరు వారాలు లేదా ఆరు ఉతుకుల వరకు నిలుస్తుందని తయారీదారులు చెబుతారు. 2003లో ఇన్సెక్ట్ షీల్డ్ సంస్థ ఫ్యాక్టరీలో మందు పట్టించిన దుస్తులకు అనుమతి పొందింది. వాటికి 70 ఉతుకుల హామీ ఉంది. ఎండలో ఎక్కువసేపు ఉంచినా, డ్రై క్లీనింగ్‌కు ఇచ్చినా మందు తగ్గుతుంది. లోదుస్తులకు పట్టించరు.

పరీక్షల్లో చెప్పుకోదగినవి కొన్ని. 1995లో వెలువడిన కొలంబియా సైనికుల అధ్యయనంలో మామూలు యూనిఫారం వేసుకున్నవారిలో 14 శాతానికి, మందు యూనిఫారం వేసుకున్నవారిలో 3 శాతానికి మలేరియా వచ్చింది. ఉత్తర కరొలైనాలో ఆరుబయట పనిచేసే సిబ్బంది మీద జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో మొదటి ఏడాది పిడుదు కాట్లు 82 శాతం తగ్గాయి. రెండో ఏడాది తగ్గుదల 34 శాతమే, అదీ గణాంకపరంగా గట్టిది కాదు. రెండేళ్ల ఉతుకుల ప్రభావం ఇందులో కనబడుతుంది. పిడుదులు నేల మట్టం నుంచి పైకి పాకుతాయి గనుక ఒక్క బూట్లకు, సాక్సులకు మందు పట్టించినా కాట్లు బాగా తగ్గుతాయని రోడ్ ఐలండ్‌లో తేలింది.

భద్రత

అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1994లో సైనిక దుస్తుల్లోని పెర్మెత్రిన్‌ను సమీక్షించి, ఆ మోతాదులో సైనికుల ఆరోగ్యానికి ముప్పు కనిపించలేదని చెప్పింది. చర్మం గుండా ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. పిల్లులకు మాత్రం ఇది ప్రాణాంతకం. మందును విరిచే శక్తి వాటి కాలేయానికి తక్కువ కావడం వల్ల, తడి ఆరని బట్టను వాటికి అందకుండా పెట్టాలి. చేపలకు, తేనెటీగలకు కూడా విషమే. మిగిలిన ద్రవాన్ని కాలువల్లో, చెరువుల్లో పారబోయకూడదు.

భారతదేశంలో

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో బయటపడిన క్యాసనూర్ అటవీ జ్వరం పిడుదుల వల్ల వస్తుంది. అడవికి వెళ్లే గ్రామస్థులకు ప్రభుత్వం పంచిన డి.ఎం.పి. నూనె పసిఫిక్ యుద్ధ కాలపు డైమిథైల్ థాలేటే. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనశాల డీట్‌కు ప్రత్యామ్నాయంగా డెపా అనే మందును దేశీయంగా తయారు చేసింది. తరువాత ఈ గ్రామాల్లో డెపా నూనె కూడా పంచారు. పశ్చిమ కనుమల్లో ట్రెకర్లకు వానాకాలపు బాధ జలగలు. అందుకు మందు కంటే మోకాలి దాకా వచ్చే దట్టమైన నేత జలగ సాక్సులనే నమ్ముకుంటారు. స్క్రబ్ టైఫస్ ఆంధ్రప్రదేశ్‌లోనూ వానాకాలం చివర, చలికాలంలో కనిపిస్తుంది. దాని బారిన పడేది ఎక్కువగా పొలాల్లో, పొదల్లో పనిచేసేవారు.