ప్రసార పౌనఃపున్యం: డయల్ నుంచి తెర దాకా

అమెచ్యూర్ రేడియోలో తప్పు చోట విన్నా ఎవరికీ నష్టం లేదు; తప్పు చోట ప్రసారం చేస్తే మాత్రం ఇతరుల సంభాషణ చెడుతుంది. అమెరికాలో 1912 రేడియో చట్టం అమెచ్యూర్లను 200 మీటర్లకు మించని తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. హద్దు ఏర్పడటంతో, దాని లోపలే ఉన్నామని తెలుసుకోవడం అవసరమైంది.

తొలినాళ్లలో ట్రాన్స్‌మిటర్, రిసీవర్ వేర్వేరు పెట్టెలు. రిసీవర్ డయల్ ప్రసార పౌనఃపున్యాన్ని చెప్పేది కాదు. అందుకు క్వార్ట్జ్ స్ఫటికాన్నో, తరంగమాపకాన్నో నమ్ముకునేవారు. 1957లో కాలిన్స్ సంస్థ తెచ్చిన కేడబ్ల్యూఎం-1 ఆ రెండింటినీ ఒకే పెట్టెలో, ఒకే డయల్ కిందికి తెచ్చింది.

అయితే 'స్ప్లిట్' పద్ధతిలో ఈ సమస్య మళ్లీ ఎదురవుతుంది. అరుదైన ప్రాంతపు స్టేషన్ ఒకచోట ప్రసారం చేస్తూ, కొన్ని కిలోహెర్ట్జ్‌ల పైన సమాధానాలు వింటుంది. మీరు ఆ స్టేషన్ పౌనఃపున్యం మీదే పిలిస్తే, దాన్ని వింటున్నవారందరికీ అడ్డుపడినట్లే.

1940లలో అమెచ్యూర్లకు అందిన పానడాప్టర్ కాథోడ్ కిరణ గొట్టంపై చుట్టుపక్కల సంకేతాలను చూపింది. మీ ప్రసారం ఎక్కడ పడుతుందో గుర్తించి చూపలేదు. 2016లో వచ్చిన ఐకామ్ ఐసీ-7300 వంటి సెట్ల తెరపై ప్రసార స్థానానికి వేరే గుర్తు ఉంటుంది.

గమనించండి: గుర్తును తెర చూపుతుంది; బాధ్యత మాత్రం నేటికీ లైసెన్సుదారుడిదే.