వనస్థలి కృష్ణమృగములు

హైదరాబాదు నగరమున దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్.బి. నగర్ కూడలికి వచ్చి, అచ్చటినుండి విజయవాడ పోవు రహదారి వెంట కొంత దూరము సాగినచో, ఇండ్ల వరుసల నడుమ విశాలమైన ఖాళీ నేల యొకటి కనిపించును. అందు ఎఱ్ఱ నేల, గుండ్రాళ్ళు, రేగు, తుమ్మ పొదలు, వాటి సందులలో గడ్డి. వానకాలమున పల్లములలో నిండు కుంటలు, వాటి కడకు చేరు కొంగలు. బాటసారి దీనిని బీడుభూమి యనుకొనిన తప్పు లేదు. కాని అది మహావీర్ హరిణ వనస్థలి అను జాతీయోద్యానము. దాని వైశాల్యము 14.59 చదరపు కిలోమీటర్లు.

ఈ ప్రాంతము ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమి. ప్రభువు వేటకు ప్రత్యేకించిన చోట ఇతరులు వేటాడరాదు. చంపుటకై కాపాడిన నేలయే తుదకు మృగములకు శరణాలయమగుట వింతయే గాని, అరుదు గాదు. ఇంగ్లండును జయించిన విలియము రాజు 1079 ప్రాంతమున తన వేటకై కేటాయించుకొనిన ‘న్యూ ఫారెస్టు’ పేరునకు అడవియే గాని, అందు విశాల భాగము ‘హీత్’ అను పొట్టి పొదల మైదానము, బురద నేలలు. గ్రామస్థుల గుఱ్ఱములు, పశువులు తరతరములుగా మేయుటచేత అది చెట్లతో మూసికొనిపోక నిలిచినది. 2005లో అది జాతీయోద్యానమైనది.

నిజాము పాలన 1948లో ముగిసినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కృష్ణమృగమును మొదటి షెడ్యూలులో చేర్చి, దాని వేటను నిషేధించినది. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ ఉత్సవముల సందర్భమున, 1975లో, ఈ నేలకు ఆయన పేరిడి అభయారణ్యముగా ఏర్పరచిరి. అహింసను బోధించిన వాని పేరు వేటభూమికి చేరుట ఎంతయు తగియున్నది. 1994లో ఇది జాతీయోద్యానముగా ప్రకటింపబడినది.

కృష్ణమృగమును తెలుగున ఇఱ్ఱి యందురు. జింక యని పిలుచుట వాడుకయే గాని, ఇది దుప్పి జాతికి చెందదు. దుప్పి కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. ఇఱ్ఱి కొమ్ము ఎముకపై తొడుగువలె పెరిగి, మెలికలు తిరిగి, జీవితాంతము నిలుచును. మగ ఇఱ్ఱి పైభాగము ఈడు వచ్చిన కొలది నల్లబడును. ఆడుది లేత గోధుమవన్నెది. ఈ మృగమునకు రక్షణ దాని కండ్లు, కాళ్ళు. శత్రువును దూరముననే చూచి, గంటకు 80 కిలోమీటర్ల వేగమున పరుగెత్తగలదు. పొదలు దట్టమైనచో చూపు అడ్డగింపబడును, పరుగు సాగదు, మేతకు గడ్డియు తగ్గును. కావున ఖాళీగా కనిపించిన ప్రతి జాగాలో చెట్లు నాటవలెనను ఉత్సాహము మంచిదే యైనను, ఇఱ్ఱి మేయు మైదానమున అది కీడే చేయును.

ఇఱ్ఱిని పరుగున పట్టగల మృగము చీతా. పూర్వము రాజులు చీతాలకు శిక్షణ యిచ్చి ఇఱ్ఱులపైకి వదలెడివారు. మన దేశమున చీతా అంతరించినట్లు 1952లో ప్రకటించిరి. 2022లో నమీబియా నుండి తెప్పించి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదలిరి. ఈలోగా హైదరాబాదు తూర్పు దిక్కుగా పెరిగినది. 1626లో త్రవ్వించిన సరూర్‌నగర్ చెరువు చుట్టును ఇండ్లు క్రమ్ముకొన్నవి. 2018లో మెట్రో రైలు ఎల్.బి. నగర్ చేరినది. వనస్థలిపురము అను పేటకు పేరున మాత్రము వనస్థలి దక్కినది.

అన్ని వైపుల నగరము కమ్ముకొనివచ్చిన మంద మరియొక మందతో కలియజాలదు. అట్టి మందలో దగ్గరి బంధువుల నడుమనే సంతానము కలుగుచుండును. లోపము కలిగించు జన్యువులు రెండు వైపులనుండియు ఒకే పిల్లకు చేరు అవకాశము తరతరమునకు పెరుగును. ఒక అంటువ్యాధి వచ్చినచో మంద యంతయు దాని పాలగును. మందను మందతో మార్చుకొనుటకు వేరొకచోట మృగములు మిగిలియుండవలెను. పాకిస్తానున ఆ అవకాశము లేకపోయినది. అచ్చట అడవి ఇఱ్ఱి నశించిన పిమ్మట, 1932 ప్రాంతమున అమెరికాలోని టెక్సాసునకు కొనిపోయి పెంచిన మృగముల సంతతి నుండి కొన్నింటిని 1970లో తెప్పించుకొనవలసి వచ్చినది.