నడిసముద్రపు పిలుపు

వ్యాసర్పాడి చెంతనున్న బకింగ్‌హాం కాలువమీదుగా శ్రీహరికోట కట్టెల పడవలు చెన్నపురికి వచ్చిన కాలమును మనము మరువరాదు. కాలువలో గట్టు చేరువ, గొంతెత్తిన చాలును. నడిసముద్రమున రేడియోయే దిక్కు.

“సాయపడుడు” అను ఫ్రెంచిమాటనుండి 1920 దశకమున “మేడే” పుట్టెను. 1927 నాటి వాషింగ్టన్ ఒడంబడిక దానిని స్వీకరించెను. ప్రాణాపాయముననే దానిని ముమ్మారు పలుకవలెను. “రోజర్” అనగా వింటిమనియే. చేయుదుమనుటకు “విల్కో” కలదు. “ఓవర్” బదులు కోరును, “అవుట్” మాట ముగించును; రెంటిని జోడించుట తగదు.

పరిహాసమునకు “మేడే” యనినచో, నిజముగా మునుగువాని మొర మరుగుపడును. కావున కడలికేగు మన బిడ్డలకు ఈ మాటలతోపాటు వాని మర్యాదను గూడ నేర్పుదము. ఆపదలో మితభాషణమే ప్రాణరక్షణము.