పదియవ భాగము – ఇచ్చిన చేయి, లెక్క చెప్పిన చేయి



శతజయంతి అనగానే మన పెద్దలు కట్టిన దేవాలయములను, నడిపిన బడులను, ఆసుపత్రులను తలచుకొంటాము. వాటి వెనుక నడిచిన డబ్బు ఎవరి చేతినుండి వచ్చినది, ఎవరి చేతిలో ఖర్చయినది అని తలచుకొనుట తక్కువ. కానుకల మాట ఎత్తవలసి వచ్చినప్పుడు బోధకుడు సంకోచపడును, వినువారు తలలు వంచుకొందురు. అయినను ఈ మాట తప్పించి సంఘ చరిత్ర వ్రాయుట సాధ్యము కాదు.

“పదియవ భాగము ఇయ్యవలెనా?” అను ప్రశ్న మన బైబిలు తరగతులలో తరచుగా వినబడును. దానికి తోడబుట్టిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. “తీసికొన్నవారు దానిని ఏమి చేసినారు?” ఈ రెండు ప్రశ్నలు కలిసి నడిచిన కాలములో కానుక ఆశీర్వాదమైనది. విడిపోయిన కాలములో అది పన్ను అయినది. ఈ చిన్న వ్యాసములో నేను చెప్పదలచినది ఇంతే.

ఇశ్రాయేలీయులలో

ధర్మశాస్త్రము పుట్టకముందే అబ్రాహాము మెల్కీసెదెకుకు పదియవ వంతు ఇచ్చినాడు. యాకోబు బేతేలులో మ్రొక్కుకొన్నాడు. అడిగినవారు లేరు, కృతజ్ఞతయే అడిగినది. తరువాత మోషే ధర్మశాస్త్రములో అది క్రమమైనది. భూమిలో స్వాస్థ్యము లేని లేవీయులకు పదియవ భాగము జీవనాధారమైనది. అయితే సంఖ్యాకాండము 18వ అధ్యాయము ఇంకొక మాట చెప్పుచున్నది. లేవీయులు తమకు వచ్చిన దానిలోనుండి మరల పదియవ వంతు తీసి యాజకునికి ఇయ్యవలెను. అనగా పుచ్చుకొన్నవాడు కూడ ఇచ్చువాడే. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము ప్రకారము మూడవ యేట ఆ భాగమును ఊరి గుమ్మములలో నిలువ చేయవలెను. లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి తృప్తిగా తినవలెను.

మలాకీ గ్రంథము 3వ అధ్యాయముపై మనము ప్రసంగములు చేయుట మామూలే. ఆ గ్రంథము మొదటి రెండు అధ్యాయములు చూడండి. అక్కడ గద్దింపు మొదట తగిలినది ప్రజలకు కాదు, గ్రుడ్డిదానిని, కుంటిదానిని బలిపీఠము మీద పెట్టనిచ్చిన యాజకులకు. వారిని దాటి నేరుగా జనుల జేబుల దగ్గరకు పోవుట మా బోధకుల అలవాటు.

మన ప్రభువు పుదీనాలోను జీలకర్రలోను వంతు తీసిన పరిసయ్యులను గద్దించినప్పుడు వంతు మానుమనలేదు. న్యాయము, కనికరము, విశ్వాసము అంతకంటె ముఖ్యమని చెప్పినాడు.

ఆది సంఘములో

పౌలు అన్యజనుల సంఘములకు ఇంత వంతు అని నిర్ణయించలేదు. వారమునకు మొదటి దినమున ఎవడు వర్ధిల్లిన కొలది వాడు తీసి పెట్టుకొనవలెనని కొరింథీయులకు వ్రాసినాడు. ఆ చందా యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు. దానిని తీసికొని పోవు విషయములో ఆయన పడిన జాగ్రత్త గమనింపదగినది. తీతుతోకూడ సంఘములు ఏర్పరచుకొన్న సహోదరుని పంపించినాడు. తమమీద ఎవరును తప్పు మోపకుండునట్లు ఇట్లు చేయుచున్నామని రెండవ కొరింథీ 8వ అధ్యాయములో దాచకుండ వ్రాసినాడు. అపొస్తలుడే సాక్షి లేకుండ డబ్బు ముట్టకపోతే, మనమెంతటివారము?

క్రీ.శ. 155 ప్రాంతములో రోములో జస్టిన్ మార్టర్ తన సమర్థన గ్రంథములో ఆదివారపు ఆరాధనను వర్ణించినాడు. కలిగినవారు తమ ఇష్టము చొప్పున ఇచ్చినది అధ్యక్షుని యొద్ద ఉంచబడెడిది. అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలోనున్నవారికి, పరదేశులకు ఆయన సహాయము చేసెడివాడు. క్రీ.శ. 197 ప్రాంతములో కార్తేజి పట్టణస్థుడైన టెర్టులియన్ ఇట్లే వ్రాసినాడు. సంఘపు పెట్టెలో వేయుమని బలవంతము లేదు, ఆ సొమ్ము విందులకు పోదు, బీదల పోషణకును వారి సమాధి ఖర్చులకును పోవునని ఆయన సాక్ష్యము.

సంఘము పెరిగిన తరువాత కూడ ఈ మాట మరువలేదు. క్రీ.శ. 494లో రోము బిషప్పు గెలాసియస్ సంఘపు రాబడిని నాలుగు భాగములు చేయుమన్నాడు. ఒకటి బిషప్పుకు, ఒకటి గురువులకు, ఒకటి బీదలకు, ఒకటి దేవాలయపు మరమ్మతుకు. బీదవాని వంతు మిగిలినది కాదు, ముందే కేటాయించినది.

కానుక పన్ను అయిన కాలము

క్రీ.శ. 585లో ఫ్రాన్సు దేశపు మాకోన్ మహాసభ పదియవ భాగము చెల్లింపని వారిని సంఘమునుండి వెలివేయవలెనని తీర్మానించినది. ఆ తీర్మానములో కూడ ఆ సొమ్ము బీదలకును, చెరపట్టబడిన వారిని విడిపించుటకును అని ఉన్నది. 779లో షార్లమేన్ రాజు దానిని రాజశాసనము చేసినాడు. ఇక రైతు కళ్ళములోని పదియవ పన ఇష్టమున్నను లేకున్నను పోవలసినదే. కాలక్రమమున అనేక గ్రామముల భాగములు దూరపు మఠములకు, భూస్వాములకు చేరినవి. ఊరి బీదవాని వంతు సన్నగిల్లినది. వసూలు మాత్రము సన్నగిల్లలేదు.

ఫలితము మనకు తెలిసినదే. 1789 విప్లవములో ఫ్రాన్సు దీనిని రద్దు చేసినది. ఐర్లాండులో రోమను కతోలిక రైతులు తమది కాని సంఘమునకు ఈ పన్ను కట్టవలసి వచ్చి 1830 దశకములో ఎదురు తిరిగినారు, రక్తము చిందినది. ఇంగ్లాండులో 1836 చట్టముతో ధాన్యము బదులు డబ్బు కట్టు ఏర్పాటు వచ్చినది. 1936 చట్టము ఆ బాకీలను కూడ తీసివేయుటకు పూనుకొన్నది. దేవునికిచ్చు సంతోషముతో మొదలైనది జప్తు నోటీసుతో ముగిసినది.

మన తెలుగు సీమలో

1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసికొన్నారు. ఆకలిగొన్నవారికి బిచ్చము కాక కూలి దొరికినది. కరువు సహాయము జరుగుచున్నంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపివేసినారు. అన్నము కొరకు వచ్చినారను మాట రాకూడదని ఆయన పట్టుదల. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు.

దోర్నకల్ కథ ఇంకను మనకు దగ్గరది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘము స్థాపించినారు. దానికి ముందు నిలిచినవారిలో వి. ఎస్. అజరయ్య గారు ఒకరు. విదేశపు సొమ్ము కాదు, తమిళ సోదరుల కానుకలు దోర్నకల్ ప్రాంతపు తెలుగు పల్లెలకు సువార్త తెచ్చినవి. 1912 డిసెంబరు 29న అజరయ్య గారు బిషప్పుగా అభిషేకింపబడినారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. క్రైస్తవ దాతృత్వమును గురించి ఒక పుస్తకము కూడ వ్రాసినారు. కూలి చేసికొను బీదవాడు కూడ ఇచ్చువాడుగా నిలువవలెనని ఆయన బోధ. ఎప్పుడును పుచ్చుకొనువాడుగానే ఉంచుట వానికి గౌరవము కాదు.

మన పల్లెలలో పిడికెడు బియ్యము ఇట్టి దానమే. అన్నము వండునప్పుడు తల్లి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయును, ఆదివారము గుడికి తెచ్చును. ఆ పిడికిళ్ళను ఎవరును శాతములలో కొలువలేదు.

నా సొంత తప్పు

థియలాజికల్ కాలేజీనుండి వచ్చిన క్రొత్తలో ఒక పల్లె పాస్టరేటులో పనిచేసినాను. చందాల రిజిస్టరు చక్కపరచుట నా మొదటి ఉత్సాహము. ఒక ముసలి తల్లి మనుమరాలి పెండ్లి ప్రకటన గుడిలో చదవమని వచ్చినది. రిజిస్టరు తెరిచి, “నాలుగేండ్ల చందా బాకీ ఉన్నదమ్మా, అది కట్టిన తరువాత చదువుదాము” అన్నాను. ఆమె మారుమాట లేక వెళ్ళినది. వడ్డీకి తెచ్చి కట్టినది.

తరువాత సంఘ పెద్ద ఒకరు నన్ను ప్రక్కకు పిలిచి, “అయ్యగారూ, ఆమె బియ్యము తప్పిన ఆదివారము నేనెరుగను” అన్నారు. గుడిలో పోసిన బియ్యమును ఆరాధన తరువాత వేలము వేసి, వచ్చిన డబ్బు ఒక్క పద్దుగా వ్రాయుచుంటిమి. అందులో ఎవరి పేరును లేదు. ఎక్కువ ఇచ్చిన ఆమె నా పుస్తకములో బాకీదారు.

ఆమె ఇంటికి పోయి క్షమించుమని అడిగినాను. “దానికేముందయ్యా, దేవునికి తెలవదా” అన్నది. ఆ సొమ్ము ఆమెకు తిరిగి ఇప్పించుటకు కమిటీలో మూడు నెలలు పట్టినది. పుచ్చుకొనుటకు ఒక్క నిమిషము చాలినది.

ముందున్న నూరేండ్లకు

పదియవ భాగము ఇయ్యవద్దని నేను చెప్పుట లేదు. నా ఇంట మేము ఇచ్చుచున్నాము. అది మంచి మెట్టు. కాని పది ఇచ్చిన నూరు వచ్చునను బేరము సువార్త కాదు. ఇచ్చువానికి చెప్పవలసిన మాటలు ఎన్నో చెప్పినాము. తీసికొను మాకు చెప్పవలసినవి కొన్ని మిగిలినవి. జీతములకు, కట్టడములకు ముందే బడ్జెటులో బీదల వంతు వ్రాయవలెను. కానుకలు ఇద్దరికి తక్కువ కాకుండ లెక్కపెట్టవలెను. ఆ లెక్క చదువురాని అవ్వకు కూడ అర్థమగు తెలుగులో గుడిలో చదివి వినిపించవలెను. పెండ్లికి, సమాధికి, ప్రభువు బల్లకు చందా బాకీ అడ్డు కారాదు. బోధకుని పేరు కూడ ఇచ్చువారి జాబితాలో ఉండవలెను.

ఇన్నేండ్లు మన పెద్దలు నమ్మకముతో ఇచ్చినారు. ఆ నమ్మకమే మన ఆస్తి. పిడికెడు బియ్యము తెచ్చిన తల్లి ఎదుట తలవంచుకొనక లెక్క చెప్పగల కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.