ఏ గజంతో కొలుస్తారు మమ్మల్ని?

మేం పేదవాళ్ళమా కాదా అని మా గల్లీలో ఎవ్వరూ అడగరు. అడిగేది బయటివాళ్ళే. "మీరు నవాబులు గదా, తరతరాలు ఏలారు గదా" అని ఒకరంటారు. "ఓట్ల కోసం మీకు అన్నీ దోచిపెడుతున్నారు" అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల నడుమ మా బతుకు నలుగుతూనే ఉంది. అందుకే ఇక్కడ మా గోడు చెప్పుకోవడం కన్నా పేదరికాన్ని కొలిచే గజం సంగతి మాట్లాడదలచుకున్నాం. ఆ గజాన్ని ఎన్నిసార్లు మార్చారు? మార్చినప్పుడల్లా ఎవరు లెక్కలోకి వచ్చారు, ఎవరు జారిపోయారు?

1962లో ఢిల్లీలో కూర్చున్న పెద్దలు మనిషికి నెలకు 20 రూపాయలుంటే చాలన్నారు. 1979లో కేలరీల లెక్క వచ్చింది. పల్లెటూరి మనిషికి రోజుకు 2400 కేలరీలు, పట్నం మనిషికి 2100. అవి కొనుక్కోవడానికి 1973-74 ధరల్లో పల్లెలో నెలకు 49 రూపాయలు, పట్నంలో 57 రూపాయలు కావాలన్నారు. ఆ పైన ఒక్క రూపాయి ఖర్చుపెట్టినవాడు పేదవాడు కాదు. పిల్లకు బడి ఉందా, పురుడొస్తే దవాఖాన ఉందా, ఆడవాళ్ళు చీకటి పడేదాకా కాలు మడుచుకోకుండా ఉండడానికి ఇంట్లో ఒక మరుగుదొడ్డి ఉందా అన్నవి ఆ గీతకు పట్టవు.

గీత ఎంత మాయ చేస్తుందో మన రాష్ట్రమే సాక్ష్యం. 2004-05లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెకు గీసిన గీత సుమారు 293 రూపాయలు, పట్నానికి 543. పల్లెకూ పట్నానికీ ధరల్లో ఉన్న తేడా అంత లేదు, గీతల్లో మాత్రం ఉంది. దాంతో పల్లెల్లో పేదలు 11.2 శాతమే అని తేలింది, పట్నాల్లో 28 శాతం! మహబూబ్‌నగర్ నుంచి వలసపోయే పాలమూరు కూలీ, అనంతపురంలో ఎండిన సేద్యం వదిలి బెంగుళూరు బస్సెక్కిన రైతు, అందరూ గీత పైనున్నట్టే. 2009లో టెండూల్కర్ కమిటీ పల్లె గీతను 433కి, పట్నం గీతను 563కి జరిపింది. అంతే, పల్లె పేదరికం 32.3 శాతమైంది. అదే సంవత్సరం, అవే పల్లెలు, అదే సర్వే. మారింది గజమొక్కటే.

ఇక్కడ మేం ఒక నిజం దాచదలచుకోలేదు. ఆ పాత గజంతో పట్నాలు పల్లెల కన్నా పేదగా కనపడేవి. ఉమ్మడి రాష్ట్రంలో మావాళ్ళు సగానికి పైగా పట్నాల్లోనే ఉన్నారు కాబట్టి మా పేదరికం అందులో కాస్త పెద్దదిగానే కనపడి ఉండాలి. కానీ పల్లెల్లో దూది ఏకిన దూదేకులవాళ్ళు, వీధి వీధి తిరిగి అడుక్కునే ఫకీర్లు, సంతల్లో చిన్న సరుకు అమ్ముకునేవాళ్ళు మటుకు కనుమరుగైపోయారు.

అక్షరాల లెక్క ఇంకో మాయ. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద అక్షరాస్యత 60.5 శాతం, ముస్లింలలో 68. "చూశారా, మీరే మెరుగు" అని మాకు ఎన్నిసార్లు చెప్పారో! పట్నంలో ఉన్నవాడిని పల్లెలో ఉన్నవాడితో పోల్చి మెరుగంటే ఎట్లా? పట్నం ముస్లింని పట్నంలోని ఇతరులతో పోల్చాలి. అప్పుడు చూడండి.

అసలు చదువు అంటే ఎన్నేళ్ళు బడికి పోయామన్నదేనా? హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ కచేరీ భాష. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పాఠాలు ఉర్దూలోనే చెప్పింది. పోలీసు చర్య జరిగింది 1948 సెప్టెంబర్‌లో. ఆ తర్వాత కొద్దికాలానికే కచేరీల్లో ఉర్దూ పోయింది, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో పదేళ్ళు చదివిన గుమాస్తా చదువు రాత్రికి రాత్రి చదువు కాకుండా పోయింది. ఏ సర్వేలో ఈ పతనం దొరుకుతుంది? అతను బడికి పోయిన ఏళ్ళు తగ్గలేదు కదా! 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రద్దవ్వాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. అయితే జాగీర్దారు కన్నా ముందు వీధిన పడింది అతని దేవిడీలో పనిచేసిన నౌకర్లు, వంటవాళ్ళు, గుర్రపు సాయిసులు.

ఇక ప్రాణాల సంగతి. సుందర్‌లాల్ కమిటీ సంస్థానంలో తిరిగి, చచ్చిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలదాకా ఉంటారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. ఆ నివేదికను దశాబ్దాలపాటు జనానికి చూపలేదు. సంపాదించే మగవాడు పోయిన ఇల్లు మరో తరం దాకా ఎట్లా లాక్కొచ్చిందో లెక్కగట్టిన గజం ఏదీ లేదు. కేశవ అయ్యంగార్ 1929-30లో ఒకసారి, 1949-51లో మరోసారి సంస్థానం పల్లెల ఆర్థిక స్థితిని పరిశోధించాడు. ఆ రెండు పరిశోధనల నడుమే మా బతుకు తలకిందులైంది.

ఆదాయం ఒక్కటే చాలదని లోకం ఒప్పుకున్నది ఆలస్యంగా. 1990లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచికను తెచ్చింది. దాని వెనకున్న మనిషి మహబూబ్ ఉల్ హక్, అమర్త్యసేన్‌కు స్నేహితుడు. (పేరు చూసి ముఖం చిట్లించకండి, పాకిస్తాన్ వాడే.) 2010లో బహుముఖ పేదరిక సూచిక వచ్చింది. ఇందులో ఒక్కో ఇంటినీ పట్టుకుని అడుగుతారు: తిండి బలం ఉందా, పిల్లలెవరైనా చనిపోయారా, బడి, నీళ్ళు, కరెంటు, పొయ్యి, దొడ్డి, ఇల్లు, సామాను? మూడోవంతు లేములు కలిస్తే ఆ ఇల్లు పేదది. మన నీతి ఆయోగ్ దీనికి గర్భిణీ వైద్యం, బ్యాంకు ఖాతా కలిపి పన్నెండు చేసింది.

ఈ గజం పాతదాని కన్నా మేలు. కొన్నిచోట్ల మమ్మల్నే ఆశ్చర్యపరుస్తుంది. డబ్బులో వెనకబడినా, పసిపిల్లల చావులు మాలో ఇతరుల కన్నా తక్కువని సచార్ కమిటీ 2006లోనే చూపింది. మరుగుదొడ్డి వాడకం మాలో ఎక్కువ కావడం ఒక కారణమని తర్వాతి పరిశోధకులన్నారు. అమ్మీజాన్లు ఏ సర్కారూ చెప్పకముందే పరదా కోసం ఇంట్లో కట్టించుకున్న దొడ్డి పిల్లల్ని కాపాడింది!

కానీ దీనికీ సందులున్నాయి. ఇంట్లో పదేళ్ళు దాటిన ఒక్కరు ఆరేళ్ళు చదివుంటే చాలు, ఆ ఇంటికి చదువు లేమి లేనట్టే. ఆరో తరగతి ముగించి పంక్చర్ షాపులో కూర్చున్న మా కుర్రాడు ఇంటిల్లిపాదినీ గట్టెక్కిస్తాడు, కాగితం మీద. ఎనిమిది తర్వాత బడి మానిన పిల్లను బడి మానినట్టు లెక్కించరు. బ్యాంకు ఖాతా ఉందా అని అడుగుతారు. సచార్ కమిటీ రాసింది వేరు: ముస్లింలు ఎక్కువున్న చోట్లను కొన్ని బ్యాంకులు ఎర్ర మండలాలుగా గుర్తుపెట్టుకున్నాయని. ఖాతా ఉంది, అప్పు పుట్టదు. ఇంటి గోడలు పక్కావా అని అడుగుతారు, ఏ పేరుతో అడిగితే ఏ వీధిలో ఇల్లు అద్దెకిస్తారని అడగరు. నిజామాబాద్, జగిత్యాల వైపు రోజంతా వంగి బీడీలు చుట్టే ఆడవాళ్ళ నడుం నొప్పికి, వాళ్ళ కూలి రేటుకు అసలు గడే లేదు.

కాలంలో ఏం మారింది? 1999 నుంచి 2006 దాకా దేశంలో బహుముఖ పేదరికం తగ్గినా, మతాలన్నిట్లో పేదలమైన మాలోనే నెమ్మదిగా తగ్గింది. తర్వాతి పదేళ్ళలో కథ తిరగబడింది, అట్టడుగున ఉన్నవాళ్ళలోనే వేగంగా తగ్గింది, మాలోనూ. ఇది మంచి కబురే, ఒప్పుకుంటాం. అయినా 2015-16 నాటికి దేశంలో ప్రతి ముగ్గురు ముస్లింలలో ఒకరు పేదలే.

2023లో నీతి ఆయోగ్ కొత్త పట్టికలు వేసింది. 2015-16 నుంచి 2019-21కి దేశంలో 24.85 నుంచి 14.96 శాతానికి, తెలంగాణలో 13.18 నుంచి 5.88కి, ఆంధ్రప్రదేశ్‌లో 11.77 నుంచి 6.06కి పేదరికం దిగింది. రాష్ట్రాల వారీగా ఉంది, జిల్లాల వారీగా ఉంది, పల్లె పట్నం వారీగా ఉంది. హైదరాబాదు పేదరికం తక్కువున్న జిల్లాల వరుసలో కూర్చుంది. ఆ ఒక్క అంకెలో బంజారాహిల్స్ ఉంది, పాతబస్తీ కూడా ఉంది. చార్మినార్ దాటి లోపలికి పోతే ఏముందో ఆ పట్టిక చెప్పదు. మతం వారీగా, కులం వారీగా వేసిన పట్టిక అందులో లేదు.

సమాచారం లేక కాదు. ఈ లెక్కలన్నీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి తీసినవే. ఆ సర్వే మనిషి ఇంటికొచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడివి, పొయ్యి ఏది అని అడిగే కాగితంలోనే ఇంటి పెద్దది ఏ మతం, ఏ కులం అని కూడా అడిగి రాసుకుని పోతాడు.